వెనక మూతలో పన్నెండు మాటలు

2, సోమవారం

మా ఆవిడకు గది దొరికింది. పాల డిపో పక్క సందులో, మెట్లెక్కే పని లేని గది. ఒక కుర్చీ, ఒక అద్దం సుఖంగా పడతాయి. సర్దుకుంటే రెండో కుర్చీ కూడా పడుతుందట. పెళ్ళయిన దగ్గర్నుంచీ వేరేవాళ్ళ పార్లర్లలో, వేరేవాళ్ళ కుర్చీల వెనక నిలబడి జుట్టు కత్తిరించిన మనిషి. ఇవాళ ఆవిడ కాళ్ళు నేల మీద లేవు. "కిటికీలోంచి వెలుతురు ఎంత బాగా వస్తోందనుకున్నారు! జుట్టుకి రంగేస్తే ఎలా వచ్చిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది" అని అన్నం కలుపుకుంటూ మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ కొత్తగా విన్నట్టే విన్నాను.

గది గలావిడ రిటైరైన నర్సు. నెలాఖరు దాకా ఆగుతానంది. ఆ తర్వాత జిరాక్సు మిషన్లవాడికి ఇచ్చేస్తుందట.

ఇవ్వాల్సిన అడ్వాన్సు మా ఆవిడ దగ్గరే ఉంది, కానీ బ్యాంకులో లేదు. ఆవిడ అన్నయ్య కూతురు, మేమంతా పిడుగు అని పిలిచే పిల్ల, కొన్నేళ్ళ కిందట మేనత్త దాచుకున్నదంతా క్రిప్టో నాణేలుగా మార్పించింది. నాణేలంటే గలగలలాడేవి కావు. ఎక్కడో నెట్‌వర్క్‌లో ఉంటాయి. వాటి తాళంచెవి మాత్రం అగ్గిపెట్టెంత పరికరంలో మన దగ్గర ఉంటుంది. దాన్ని నా కొట్లో, నా బల్ల సొరుగులో ఉంచాను. వాచీలు బాగుచేసేవాడి కంటే జాగ్రత్త గల మనిషి ఈ కుటుంబంలో ఇంకెవరున్నారు?

పిడుగు ఫోన్ చేసి, నాణేలు అమ్మాలంటే ముందు వాలెట్ అప్‌డేట్ చెయ్యాలంది. ఫోన్లో ఉన్న యాప్‌నీ, ఆ పరికరం లోపలి సాఫ్ట్‌వేర్‌నీ, రెండింటినీ. చూస్తానన్నాను.

3, మంగళవారం

అప్‌డేట్ చేయలేదు. నడుస్తున్న వాచీని విప్పకూడదు. మా గురువుగారు నేర్పిన మొదటి పాఠం అది.

5, గురువారం

పిడుగు మళ్ళీ ఫోన్.

"మామయ్యా, పాత వెర్షన్‌లో ఒక లోపం బయటపడింది. అలా వదిలేస్తే ప్రమాదం. పైగా నెలాఖరు తర్వాత పాతది అసలు పనిచెయ్యదు."

"ఇన్నాళ్ళూ బాగానే ఉందిగా?"

"లోపం ఇన్నాళ్ళూ ఉంది. ఇప్పుడు దొంగలకి కూడా తెలిసింది. అదీ తేడా."

"నాకూ ఏదో మెసేజి వచ్చిందమ్మా. వెంటనే అప్‌డేట్ చేయండి, మీ పన్నెండు మాటలూ ఇక్కడ రాయండి అని."

"అయ్యయ్యో! అది దొంగ మెసేజి. ఆ మాటలు తెలిస్తే నాణేలన్నీ వాడివే. అసలు కంపెనీవాళ్ళు అవి చచ్చినా అడగరు. నువ్వు దాన్ని ముట్టుకోలేదు కదా?"

"నేను దేన్నీ ముట్టుకోననేగా నీ గొడవంతా."

ఆఫీసు పని మీద ఊరెళ్తోందట. ఇరవై ఒకటిన వచ్చి తనే చేస్తానంది. "అప్పటిదాకా దాని జోలికి వెళ్ళకు" అని ఒట్టు వేయించుకోబోయింది. లైన్ సరిగ్గా లేదని పెట్టేశాను. లైన్ బాగానే ఉంది.

సాయంత్రం మా ఆవిడ అడిగింది. "అంతదాకా ఆగడమెందుకు, మీరు చెయ్యలేరా?"

మీరు చెయ్యలేరా! వెంట్రుకంత స్ప్రింగును కంటికి అద్దం పెట్టుకుని కూర్చోబెట్టేవాడిని. ఒక బటన్ నొక్కలేనా? రేపే చేస్తానని చెప్పాను. ఆవిడ నా వంక చూసిన చూపుకి ఎల్లుండి దాకా ఆగాలనిపించలేదు.

6, శుక్రవారం

మా గురువుగారి రెండో పాఠం: విప్పక తప్పకపోతే ముందు బ్యాటరీ చూడు. కారిన బ్యాటరీతో ఏ పని మొదలుపెట్టినా సగంలో చస్తుంది. అప్‌డేట్ సగంలో ఆగితే పరికరం పాడవుతుందని అందులోనే రాసి ఉంది. కాబట్టి బ్యాటరీ చూడాలి. ఇందులో తప్పేముంది?

అతుకు ఎక్కడుందో కూడా తెలియనంత నున్నగా చేశారు. మెచ్చుకున్నాను. పలచటి బ్లేడుతో, గీత పడకుండా, గింజ వలిచినట్టు తెరిచాను. బ్యాటరీ శుభ్రంగా ఉంది. మళ్ళీ మూసేశాను. విప్పారని ఎవడూ చెప్పలేడు.

బటన్ నొక్కాను. వెలిగింది. తెర మీద మా నాణేలు లేవు. కొత్తగా కొన్నవాడికి చెప్పినట్టు "స్వాగతం" అని ఉంది.

7, శనివారం

స్వాగతం.

8, ఆదివారం

ఏమీ కాలేదు. అలాంటి వస్తువులు ఒక్కోసారి కాసేపు అలా ఉంటాయి. పక్కన పెడితే వాటంతటవే సర్దుకుంటాయి. గోడ గడియారాలు ఎన్నింటిని చూడలేదు!

మా ఆవిడ అద్దాల దుకాణానికి వెళ్ళొచ్చింది. పెద్ద అద్దం కింది అంచు తక్కువ ఎత్తులో ఉండాలట, చిన్నపిల్లలు వస్తే వాళ్ళకీ ముఖం కనబడాలి కదా అంది. ఆ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఎన్నేళ్ళ నుంచి ఆలోచిస్తోందో.

"అయిందా అప్‌డేటు?" అంది.

"అవుతోంది" అన్నాను.

9, సోమవారం

పిడుగుకి ఫోన్ చేసి నా స్నేహితుడి గురించి అడిగాను.

"మామయ్యా, నీ స్నేహితుడు దాన్ని విప్పాడా?"

"ఊరికే, బ్యాటరీ చూద్దామని."

"విప్పితే లోపలున్న తాళం తనంతట తనే తుడిచేసుకుంటుంది. దొంగల కోసం అలా పెట్టారు."

"వాడు దొంగ కాదే!"

"పాపం దానికెలా తెలుస్తుంది?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "నీ స్నేహితుడి దగ్గర పన్నెండు మాటలున్నాయా?" అంది. "నాణేలెక్కడికీ పోలేదు, అవి నెట్‌వర్క్‌లోనే ఉన్నాయి. ఆ మాటలుంటే ఏ కొత్త పరికరంలోనైనా తాళంచెవి మళ్ళీ తయారవుతుంది. అవి లేకపోతే మాత్రం ఇంక ఎవరూ ఏమీ చెయ్యలేరు మామయ్యా. కంపెనీవాడు కూడా."

ఉన్నాయి. ఉన్నాయి కాబట్టే నాకేం కంగారు లేదు.

వాలెట్ మొదటిసారి పెట్టినప్పుడు ఆ పన్నెండు మాటలు కాగితం మీద రాసి జాగ్రత్తగా దాచమంది పిడుగు. మా ఆవిడ రాసింది. నేను తీసుకున్నాను. కాగితం తడుస్తుంది, కాలుతుంది, చెదలు తింటాయి. మా పనిలో ఒక అలవాటుంది. వాచీ బాగుచేసినవాడు వెనక మూత లోపలి వైపు సూదితో తన గుర్తు, తేదీ గీస్తాడు. మళ్ళీ విప్పినవాడికి తప్ప ఇంకెవరికీ కనబడదు. ఒక్కో మాటకి మొదటి నాలుగక్షరాలుంటే చాలని పిడుగే చెప్పింది. మా ఆవిడ వాచీ వెనక మూతలో గీశాను. కాగితం కాల్చేశాను.

ఆవిడ వాచీ మగవాళ్ళ వాచీ. పెళ్ళికి ముందు నేనే ఇచ్చాను, నా చేత్తో మొదట బాగుచేసిన వాచీ అది. పెద్ద ముఖం, పెద్ద ముళ్ళు. రంగు వేశాక టైము చూసుకోవడానికి అదే బాగుంటుందని ఇంకేదీ పెట్టుకోదు. నిద్రలో తప్ప తియ్యదు. నిద్రలో కూడా తలగడ కిందే. అంతకంటే గట్టి బీరువా ఎక్కడుంది?

మాటలు అందులో ఉన్నాయని ఆవిడకు చెప్పలేదు. కంగారు పడుతుందని.

10, మంగళవారం

"నీ వాచీ ఒకసారి ఇటివ్వు, సర్వీసు చేస్తాను" అన్నాను.

ఆవిడ దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏమన్నారూ?"

"సర్వీసు."

"రెండేళ్ళ నుంచీ అడుగుతుంటే రేపు రేపు అన్నారు. అద్దం లోపల ఆవిరి పడుతోందని ఎన్నిసార్లు చెప్పాను! ఇప్పుడు నా వాచీ మీద అంత ప్రేమేంటి?"

"ఎప్పుడూ ఉంది."

"ఇప్పుడు బాగానే నడుస్తోందిలెండి" అని మణికట్టు చీర కొంగులో దాచుకుంది. చిన్నపిల్లలా దాచుకుంది. ఎందుకో మరి.

12, గురువారం

ఇవ్వలేదు.

ఎదురుకొట్టువాడు ఇవాళ మళ్ళీ బోర్డు తుడుచుకుంటున్నాడు. వాడూ నేనూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నాం. ఆయన పోతూ బల్ల నాకిచ్చారు, పనిముట్లు వాడికిచ్చారు. పనిముట్లు లేకుండా ఆ బల్లేం చేసుకుంటాడని వాడు, బల్ల లేకుండా పనిముట్లేం చేసుకుంటాడని నేను. ఆ తర్వాత సరిగ్గా నాకెదురుగా కొట్టు పెట్టాడు. మాటల్లేవు. రెండు నిమిషాల్లో బ్యాటరీ మారుస్తానని వాడి బోర్డు. అదీ ఒక పనేనా?

14, శనివారం

పొద్దున ఆవిడే వాచీ తీసి నా అరచేతిలో పెట్టింది. నా ముఖం చూడలేదు. "విప్పాక నన్నేమీ అడగకండి" అని పార్లర్‌కి వెళ్ళిపోయింది.

కొట్లో తలుపు దగ్గరగా వేసి విప్పాను.

మూత కొత్తది. తళతళలాడుతోంది. పన్నెండు మాటలు లేవు. ఒక మూల చిన్న గుర్తు, పోయినేడాది తేదీ. ఆ గుర్తు నాకు తెలుసు. ఒక వంకర గీత, దాని కింద చుక్క. పక్క పక్క స్టూళ్ళ మీద కూర్చుని అలా గియ్యడం ఇద్దరం కలిసే నేర్చుకున్నాం.

ఎదురుకొట్టువాడు.

ముందు ఏది బాధపెట్టిందో నిజంగా చెప్పలేను. గది పోయినందుకా, నా భార్య నా వాచీని వాడి దగ్గరికి తీసుకెళ్ళినందుకా? గది కోసమే. గది కోసమే బాధపడ్డాను. పని మాత్రం శుభ్రంగా చేశాడు వెధవ. ఆవిరి పోయింది. కొత్త రబ్బరు రింగు వేశాడు.

15, ఆదివారం

వాచీ తిరిగి ఇచ్చేశాను. నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. కూర బాగుందన్నాను. ఇవాళ కూర వండలేదంది.

16, సోమవారం

చెప్పేశాను.

గోడలకి ఏ రంగు వెయ్యాలో చూడ్డానికి మా ఆవిడ గదికి తీసుకెళ్ళింది. గోడకి సున్నం పెచ్చులూడిన చోట చేత్తో రుద్ది, "ఇక్కడ కుర్చీ. ఇక్కడ నా కత్తెరలు. వచ్చినవాళ్ళు వాళ్ళ సంచి పెట్టుకోడానికి ఇక్కడ చిన్న బల్ల. నేను పనిచేసే చోట వాళ్ళ సంచులు నేల మీదే పెట్టించేవాళ్ళండీ, నాకు ఎంత చిన్నతనంగా ఉండేదో" అంది. ఇంక నా వల్ల కాలేదు. కిటికీ గట్టు మీద కూలబడి మొత్తం చెప్పాను. విప్పడం, స్వాగతం, స్నేహితుడు, మూత, అన్నీ.

ఆవిడ గోడ మీది పెచ్చు ఒకటి గోటితో ఊడదీసింది. కోప్పడితే బాగుండుననిపించింది.

"నా మాటలు నా చేతికే కట్టి, నాకు చెప్పలేదా?"

"కంగారు పడతావని..."

"నేనెప్పుడు కంగారు పడ్డానండీ? ఈ ఇంట్లో కంగారు పడేది ఎవరు?"

నేను గట్టు మీది దుమ్ము వేలితో తుడిచాను.

"తెలిసుంటే ఆ వాచీని ఇంకొకరి చేతికి ఇచ్చేదాన్నా? ఒకావిడకి ముదురు గోధుమరంగు వేసి టైము చూస్తే ముల్లు ఆగిపోయుంది. నారింజపండులా తయారైంది ఆవిడ తల. ఆవేళే ఎదురుకొట్టాయన దగ్గరికి వెళ్ళాను. మీకు తెలిస్తే చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు." కొంగు చివర వేలికి చుట్టుకుంది. "నేనొకటి దాచాను, మీరొకటి దాచారు. బాగుంది మన కాపురం."

కళ్ళు తుడుచుకుని నవ్వింది. నా ప్రాణం లేచొచ్చింది. ఈ మనిషి నవ్వకపోతే నేనేమైపోతాను?

"పాత మూత బిగించే మర అరిగిపోయిందని మార్చాడు" అంది. "ఇంటికి తీసుకెళ్ళమ్మా అంటే మీరు చూస్తారని భయపడి అక్కడే ఉంచమన్నాను. ఉంచాడో పారేశాడో. వెళ్ళి అడగండి."

"నువ్వడగరాదూ?"

"నేనడగను. మీరే వెళ్ళాలి."

17, మంగళవారం

రోడ్డు దాటడానికి పొద్దున్నంతా పట్టింది. పదడుగుల రోడ్డు.

వాడు కంటి అద్దం పైకి తోసి చూశాడు. జుట్టు బాగా నెరిసింది వాడికి. ఇటునుంచి చూస్తే తెలియలేదు.

"ఏరా, దారి తప్పావా?"

"మా ఆవిడ వాచీ పాత మూత..."

 మిగతాది రాలేదు. వాడేమీ అడగకుండా లేచి, వెనక అరలోంచి రేకు డబ్బా దించాడు. అరిగిన చక్రాలు, విరిగిన ముళ్ళు, ఎవరివో మూతలు. మా గురువుగారూ అంతే, ఏ ముక్కనీ పారెయ్యనిచ్చేవారు కాదు. అందులోంచి మెత్తటి గుడ్డలో విడిగా చుట్టిన మూత తీసి నా ముందు పెట్టాడు.

"చదివావా?"

"కంటికి కనబడ్డవి చూడకుండా ఎలా ఉంటాను? పన్నెండు ముక్కలు. ఒక్కదానికీ అర్థం లేదు. మీ ఆలుమగల మధ్య ఏదో గుట్టు అనుకున్నా. చెల్లెమ్మనడిగితే బాగుండదని గుడ్డలో చుట్టి పెట్టా." కంటి అద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "ఒక్క అక్షరం దగ్గర కూడా చెయ్యి వణకలేదురా నీకు."

మూతని మళ్ళీ గుడ్డలో చుట్టాను. "రింగు బాగా వేశావు" అన్నాను.

టీ తెప్పించాడు. గురువుగారి శ్రావణం, చక్రాలు పట్టుకునే సన్న పట్టకారు, ఇంకా వాడుతున్నాడు, మొన నేను విరగ్గొట్టిందే. అది పట్టుకుని వాడూ నేనూ నవ్విన నవ్వుకి, గడియారం తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఇంటికొచ్చి మూతను మా ఆవిడ చేతిలో పెట్టాను. నా చేతిలో కాదు, ఆవిడ చేతిలోనే.

18, బుధవారం

కొట్టు తెరవలేదు. ఎదురుకొట్లో కూర్చున్నాను.

21, శనివారం

పిడుగు వచ్చింది. నన్ను చూడగానే "నీ స్నేహితుడు కులాసాయేనా మామయ్యా?" అంది. కులాసాయే అన్నాను.

విప్పిన పరికరాన్ని ఇక నమ్మకూడదట. కొత్తది తెచ్చింది. ముందు దాని సీలు చూసింది. యాప్‌ని మెసేజిలో వచ్చిన లింకు నొక్కి కాకుండా, కంపెనీవాళ్ళ సొంత సైటుకు వెళ్ళి దించింది. దించాక కూడా వెంటనే వాడలేదు. ఏదో పొడుగాటి అక్షరాల వరుసను ఇంకో వరుసతో పోల్చి చూస్తూ కూర్చుంది.

"ఏంటది?"

"తయారుచేసినవాళ్ళ సంతకం. మధ్యలో ఎవడైనా వేలు పెట్టుంటే ఇది సరిపోలదు."

"మూత లోపలి గుర్తు."

"అదే అనుకో."

మొదటే అలా చెప్పుంటే నేను ఇంత గొడవ చేసేవాడినా? పని చేసినవాడు లోపల గుర్తు పెడతాడు, తర్వాత విప్పినవాడు ఆ గుర్తు చూసి నమ్ముతాడు. నేను కంటికి అద్దం పెట్టుకుని మూత మీది మాటలు ఒక్కొక్కటే చదివాను. మా ఆవిడ కొత్త పరికరంలో ఒక్కొక్కటే ఎక్కించింది. ఎనిమిదో మాట దగ్గర ఆగి అద్దం తుడుచుకున్నాను.  పన్నెండోది ఎక్కించాక తెర మీద చిన్న చక్రం కాసేపు తిరుగుతూ ఉండిపోయింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే వాచీ పట్టీ ముద్ర ఇప్పటికీ ఉంది.

ఉన్నాయి. అన్నీ ఉన్నాయి.

అంతటితో అయిపోలేదు. ఆ మాటలు ఏడాది పాటు ఇంకొకరి డబ్బాలో ఉన్నాయి, ఇంకొకరి కంట్లో పడ్డాయి, అవి ఇక పనికిరావంది పిడుగు. "మా వాడు అలాంటివాడు కాదు" అన్నాను. మా వాడు అని ఎప్పుడన్నానో నాకే తెలియదు. "కాకపోయినా సరే" అంది. కొత్త వాలెట్ పెట్టి, కొత్త మాటలు తీసుకుని, నాణేలన్నీ అందులోకి పంపాలి.

కొత్త మాటలు తెర మీదికి వచ్చే ముందు మా ఆవిడ నా వైపు తిరిగింది. "మీరు కాసేపు బయట కూర్చోండి."

"నేనా?"

"మీరే."

పిడుగు అప్పటికే గోడ వైపు తిరిగి నిలబడింది. "నేను కూడా చూడను మామయ్యా, పద్ధతి అదే."

మెట్ల మీద కూర్చున్నాను. లోపల కలం చప్పుడు ఆగి ఆగి వినబడింది. నాకేం బాధ అనిపించలేదు. మెట్ల మీద గాలి బాగా వచ్చింది. గాలి బాగానే వచ్చింది.

24, మంగళవారం

కావలసినంత మేరకు నాణేలు అమ్మేశారు. గది గలావిడ తాళంచెవి ఇచ్చింది. ఇనప తాళంచెవి, పట్టుకుంటే బరువుగా ఉంది. మా ఆవిడ దారంతా పిడికిట్లో పట్టుకునే వచ్చింది.

28, శనివారం

గోడకి రంగు. అద్దం. నేనూ ఎదురుకొట్టువాడూ మోశాం. వాడు ఎడమకి అన్నాడు, నేను కుడికి అన్నాను. మా ఆవిడ "కిందికి" అంది.

6, ఆదివారం

ఆవిడ పార్లర్ తెరిచిన మొదటి ఆదివారం. అందరూ వెళ్ళిపోయాక నన్ను కుర్చీలో కూర్చోమంది. ఇన్నేళ్ళలో ఆవిడ నా జుట్టు కత్తిరించలేదు. పార్లర్లలో మగవాళ్ళని రానిచ్చేవారు కాదు, ఇంటికొచ్చేసరికి ఆవిడకు చేతులు నొప్పి. నేనెప్పుడూ అడగలేదు. రెండేళ్ళు ఆవిడ అడిగిన వాచీని నేను చూశానా?

నీళ్ళు తగలకుండా వాచీ తీసి నా ఒళ్ళో పెట్టింది. పోయినవారం దాన్ని నిజంగానే సర్వీసు చేశాను. మూత లోపల వాడి వంకర గీత కింద నా గుర్తు, తేదీ. ఇంకేమీ గియ్యలేదు. ఆ సంగతి ఆవిడకు చెప్పాను. ఇప్పుడు అన్నీ చెబుతున్నాను.

"ఆ మాటలు ఎక్కడ దాచానో అడగరేం?" అంది, నా తల కొంచెం వంచుతూ.

"అడగను. అవి నీవి."

"నిజంగానా?"

"కొంచెం నిజంగా."

నవ్వింది. అద్దంలో ఇద్దరం కనబడుతున్నాం, తెల్ల గుడ్డ కప్పుకున్న నేను, వెనక కత్తెరతో ఆవిడ. పెళ్ళినాటి ఫోటోలో కూడా ఇంత దగ్గరగా లేం.

"నాకేమైనా అయితే ఎవరికి తెలుస్తుంది మరి?" అని వంగింది. కత్తెర నా చెవి పక్కన ఆగింది. ఎక్కడ దాచిందో చెప్పింది. ఎంత మామూలు చోటో! రోజూ నేను దాని పక్కనుంచే వెళ్తాను.

"ఎక్కడా రాయకండి" అంది.

"నేనెక్కడ రాస్తాను?"

"మీ డైరీలో."

ఇదొకటి ఉందని ఆవిడకు ఎప్పటి నుంచి తెలుసో అడగలేదు. తల కదిలితే చెవి తెగుతుందంది, కదలకుండా కూర్చున్నాను. స్నేహితుడి దగ్గర్నుంచి స్వాగతం దాకా అన్నీ ఇందులో రాసుకున్నవాడిని. ఆ చోటు మాత్రం రాయడం లేదు.